పుట్టింటికి దూరముగా – ఖిదిర్‌పూరు రేవున పురుటి చరిత్ర

తెలుగునాట ఆడపిల్లకు తొలికాన్పు పుట్టినింట జరుగవలెననుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. నెలలు నిండక మునుపే తండ్రియో అన్నయో మంచిరోజు చూచుకొని వచ్చి పిల్లను తీసికొనిపోవును. తల్లి ఒడిలో చలిమిడి పెట్టును. కాన్పైన పిమ్మట పురుటిగది, కాయము, పత్యము, వేడినీళ్ళ స్నానము, పదునొకండవనాటి పురుడు, ఆ మీదట బారసాల. బిడ్డ మూడవ నెలలో పడువరకు తల్లికి అత్తవారింటి చాకిరి లేదు. మనము దీనిని వేడుకగా తలచుచున్నాము గాని, నిదానముగా లెక్కించినచో ఇందులో సెలవున్నది, తిండి యున్నది, తెలిసిన చేతుల వైద్యమున్నది. శాసనసభలు ప్రసూతి సౌకర్యమను మాట పలుకుటకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే మన ముత్తవ్వలు చేసికొనిన ఏర్పాటిది.

ఐతే ఈ ఏర్పాటు పుట్టిల్లున్నవారికి. అందులోను కాస్త కలిగిన పుట్టిల్లున్నవారికి. నాట్లు వేయుచు నొప్పులు వచ్చి గట్టుమీదనే కని, మూడవనాడు మరల చేలోనికి దిగిన తల్లులు మన పల్లెలలో లేకపోలేదు. ఇక గంజాము, విశాఖపట్నము జిల్లాల పల్లెలనుండి మూటలు నెత్తిన బెట్టుకొని కలకత్తాకు వచ్చిన కూలివారి ఆడువారికి ఆ కాస్తయును లేదు. పుట్టిల్లు అయిదారు వందల మైళ్ళ దూరమున నుండగా, వారు ఎక్కడ కనిరి? ఎవరు చూచిరి? ఎన్నిదినములకు మరల పనికి పోయిరి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు ఖిదిర్‌పూరు కంటె తగిన చోటు కలకత్తాలో మరియొకటి నాకు కనబడలేదు.

ఖిదిర్‌పూరు పేరు ఎట్లు వచ్చెనను విషయమున రెండు కథలున్నవి. ఓడలు కట్టిన కిడ్ అను ఆంగ్లేయ కుటుంబము పేర వచ్చినదని కొందరందురు. నీటికి అధిదేవతవంటి పీరు ఖిజ్రు పేర వచ్చినదని మరికొందరందురు. ఏదైనను నీటితోను ఓడతోను ముడిపడిన పేరే. మైకేల్ మధుసూదన దత్తు బాల్యమున ఇక్కడనే పెరిగెను. అతడు పిమ్మట మదరాసులో ఎనిమిదేండ్లు కాపురముండెనని మనవారిలో చాలమందికి తెలియదు. 1888లో ఈ ప్రాంతము కలకత్తా పురపాలక సంఘములో చేరెను. 1892లో రేవు గోదాములు తెరువబడెను. పక్కనున్న మటియాబుర్జులో లక్నో నవాబు వాజిదలీ షా 1856 నుండి తన ప్రవాస జీవితము గడపెను. గార్డెన్ రీచ్ తీరమున బెంగాల్ నాగపూరు రైల్వే ప్రధాన కార్యాలయము వెలసెను. దాని చలువ వలన గుమాస్తాలు మొదలు ఖలాసీల వరకు ఎన్ని తెలుగు కుటుంబములు ఈ తీరమునకు చేరెనో మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ తీరమున తల్లీబిడ్డల చరిత్రలో మొదటి పుట ఒక అనాథాశ్రమముది. 1783లో బెంగాలు సైనిక అనాథ సంఘమను దానిని స్థాపించి, ఖిదిర్‌పూరులోని పెద్ద భవనములో కంపెనీ సైనికోద్యోగుల బిడ్డలను పెంచిరి. ఆ బిడ్డలలో పలువురు తండ్రి ఆంగ్లేయుడు, తల్లి ఈ దేశపుది ఐనవారు. వారు అనాథలనబడినను అందరి తల్లులును చనిపోయినవారు కారు. తండ్రి దొర గనుక బిడ్డకు సంఘమున్నది. తల్లి సంగతి ఆ సంఘపు నిబంధనలకు అవసరము లేకపోయెను. బిడ్డను లెక్కించి తల్లిని లెక్కింపకుండుట అనునది ఈ చరిత్రలో ఇంకను పెక్కుమారులు మనకు ఎదురగును.

రెండవ పుట వలస కూలీలది. 1838లో హెస్పరస్, విట్‌బీ అను రెండు ఓడలు కలకత్తానుండి బయలుదేరి ఆ యేడు మే 5వ తేదీన బ్రిటిష్ గయానా చేరినది మొదలు, ఎనుబదేండ్లపాటు ఈ నదీతీరమునుండి లక్షలాది జనులు ఒప్పందపు కూలీలుగా పోయిరి. గార్డెన్ రీచ్, భవానీపూరు ప్రాంతములలో ఒక్కొక్క వలసదేశమునకు ఒక్కొక్క డిపో యుండెడిది. 1873 ఫిబ్రవరిలో లాలా రూఖ్ అను ఓడ ఇక్కడనుండియే సురినాముకు బయలుదేరి జూను 5న చేరెను. 1879 మార్చిలో లియొనిడాస్ ఫిజీకి పోయెను. ఇక్కడనుండి పోయినవారిలో అధికసంఖ్యాకులు భోజపురి, అవధి ప్రాంతములవారు. మన తెలుగువారు చాలవరకు కోరంగి, విశాఖపట్నము, మదరాసు రేవులనుండి మారిషస్సుకును, 1860లో ట్రూరో ఓడ మొదలుకొని నేటాలుకును పోయిరి. రేవు వేరైనను స్త్రీల అవస్థలో భేదము లేదు.

1870 ప్రాంతమునుండి నూరుగురు పురుషులకు నలుబది మంది స్త్రీలుండవలెనని నియమము గట్టిపడెను. కాగితముమీద చూచినచో ఇది స్త్రీలపై దయవలె నుండును. ఆచరణలో మాత్రము ఓడ కదలవలసిన దినము సమీపించి లెక్క చాలనప్పుడు, ఆరు నెలల గర్భిణియా, ఎనిమిది నెలల గర్భిణియా యని విచారించు తీరిక దళారికి లేదు. ఇంటినుండి వెడలగొట్టబడిన వితంతువులు, భర్త విడిచినవారు, కరవున చెదరిపోయినవారు ఈ లెక్కను పూరించిరి. ఓడ డాక్టరునకు ఆవలి తీరమున సజీవముగా దిగిన తలకు ఇంత యని పారితోషికము. అందువలన వానికి రోగులను బ్రతికించు ఆసక్తి యుండెననుట నిజమే. కాని నెలల తరబడి సముద్రములో, ఇరుకైన అట్టడుగు గదిలో, కలరా, ఆటలమ్మ, నీళ్ళ విరేచనముల నడుమ కాన్పు చేయుటకు ఆ ఒక్కడు చాలడు. 1858లో సాల్సెట్ అను ఓడ కలకత్తానుండి ట్రినిడాడు చేరులోపల 300కు పైబడిన కూలీలలో 120 మందికి పైగా మరణించిరి. ఆ ఓడ కెప్టెను స్వింటను వ్రాసికొనిన దినచర్య మరుసటి యేడు అచ్చుపడెను గనుక ఈ సంగతి లోకమునకు తెలిసెను. దినచర్య వ్రాయని కెప్టెనుల ఓడల సంగతి ఎవరు చెప్పవలెను?

గయానా సంతతికి చెందిన గాయత్రా బహదూర్ అను రచయిత్రి 2013లో ‘కూలీ వుమన్’ అను గ్రంథమును ప్రకటించినది. ఆమె ముత్తవ్వ 1903లో క్లైడ్ అను ఓడమీద కలకత్తానుండి ఒంటరిగా, గర్భవతిగా బయలుదేరినది. బిడ్డ సముద్రముమీదనే పుట్టెను. ఆమె ఎవరినుండి పారిపోయినదో, ఎవరిని విడిచినదో రికార్డు చెప్పదు. ఎత్తు, వయస్సు, కులము, పుట్టుమచ్చ చెప్పును. మనవంటి కార్యాలయోద్యోగులకు ఈ విషయము మరింత బాగుగ బోధపడును: ఏ గడి ఉండునో ఆ గడియే నిండును, లేని గడిలో వ్రాయవలసిన జీవితము రికార్డుకెక్కదు.

ఓడ దిగిన పిమ్మటి కథకు ఒక్క ఉదాహరణ చాలును. 1910లో ఫిజీ ద్వీపములలోని నాదీ ప్రాంతమున నారాయణి యను కూలి స్త్రీ కని, బిడ్డ దక్కక, మూడు నాలుగు దినములైనను గడవకముందే పనికి రమ్మన్నారు. రాలేనన్నందుకు పర్యవేక్షకుడు ఆమెను చావబాదెను. కేసు సువాలోని పెద్ద న్యాయస్థానమునకు పోగా అతడు నిర్దోషియై బయటపడెను. ఆమెకు మాత్రము మతి తిరిగిరాలేదు. ఇట్టి ఉదంతములు భారతదేశమున పత్రికలకెక్కిన పిమ్మటనే ఒప్పందపు వలసపై ఆందోళన బలపడెను. 1916లో మదనమోహన మాలవ్యా రాజప్రతినిధి శాసనసభలో తీర్మానము తెచ్చిరి. 1917లో కూలీలను చేర్చుకొనుట నిలిచెను. ఇప్పుడు ఆ జ్ఞాపకార్థము ఖిదిర్‌పూరులో 2011 జనవరి 11న ఆవిష్కరింపబడిన ఫలకమును, సురినాం ఘాట్‌లో 2015లో నిలిపిన మాయీ-బాబా విగ్రహమును ఉన్నవి. మన సంఘ సభ్యులు పిల్లలను వెంటబెట్టుకొని ఒక ఆదివారము పోయి చూడదగిన చోటు.

వలస ఓడలు కదలిన తీరముననే జనపనార మిల్లులు లేచినవి. విజయవాడనుండి కటకము వరకు తూర్పుకోస్తా రైలుమార్గము 1890 దశాబ్దపు నడుమ పూర్తియై, 1900 నాటికి హౌరాతో సంధానము కలుగగా, శ్రీకాకుళము, పలాస, బరంపురము ప్రాంతములనుండి కూలివారి రాక సులభమయ్యెను. అంతకు ముందు 1896–97లో వచ్చిన క్షామము వేలాది మందిని కదలించియుండెను. తెలుగువారిలో పలువురు భార్యాబిడ్డలతో కూడ వచ్చిరి. మగవాడు నేతలోను, ఆడది నార విడదీయుటలోను, సంచులు కుట్టుటలోను కుదిరెడివారు. ‘మదరాసీ’ అని మిల్లు పుస్తకములలో వ్రాసిన పేర్లు పెక్కులు తెలుగు పేర్లే. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో జనపనార మిల్లు పనివారిలో ఆరుగురికో అయిదుగురికో ఒకరు స్త్రీ.

ఈ స్త్రీల కాన్పును గూర్చి ప్రభుత్వమునకు మొదట ఆసక్తి కలిగినది దయచేత గాదు, ఒక అంతర్జాతీయ కాగితముచేత. 1919లో వాషింగ్టనులో అంతర్జాతీయ కార్మిక సమావేశము ప్రసూతి రక్షణ ఒడంబడికను ఆమోదించెను. కాన్పుకు ముందు వెనుక ఆరేసి వారముల విరామము, ఆ కాలమునకు భృతి, వైద్య సహాయము దాని సారము. భారత ప్రభుత్వము సంతకము చేయక, పరిస్థితిని విచారించి చెప్పుదుమనెను. మన కార్యాలయములవారికి ఈ వాక్యము కొత్తది కాదు. కాని ఈమారు విచారణ నిజముగనే జరిగెను. బొంబాయిలో డాక్టరు బార్న్‌స్ అను వైద్యురాలిని, బెంగాలులో స్త్రీ వైద్యసేవకు చెందిన డాక్టరు డాగ్మర్ కర్జెల్‌ను నియమించిరి. కర్జెల్ మిల్లు మిల్లు తిరిగి, కూలి లైనులలోనికి పోయి, స్త్రీలతో మాటలాడి 1923లో నివేదిక సమర్పించెను. బెంగాలు పరిశ్రమలలోని స్త్రీలను గూర్చి, అందులోను వారి కాన్పులను గూర్చి, ఒక వైద్యురాలు స్వయముగ చూచి వ్రాసిన తొలి పత్రమిదియే యనవచ్చును.

ఆ కాలపు మిల్లు స్త్రీ నొప్పులు వచ్చువరకు పనిచేసెడిది. కాన్పు కూలి లైనులో, గాలి వెలుతురు చొరని గదిలో, దాయీ చేతులలో. దాయీకి అనుభవమున్నది, శుభ్రమను మాట తెలియదు. బొడ్డు కోసిన కత్తియో, వెదురు బద్దయో, దానిపై అద్దిన బూడిదయో ఎందరు శిశువులకు ధనుర్వాతము తెచ్చెనో లెక్కలేదు. ఈ మాట అనుటలో మన మంత్రసానులను తక్కువచేయుట నా ఉద్దేశము గాదు. వారికి నేర్పినవారెవరు? వారిని తప్ప మరియెవరిని పిలువగల స్తోమత ఆ తల్లులకున్నది? పనికి తిరిగిపోవలెనన్న సర్దారు చేయి తడపవలెను. బిడ్డను విడిచిపోవుటకు ఇంట అవ్వ లేదు గనుక మిల్లులోనికే తెచ్చి, యంత్రముల ప్రక్కన నారకుప్పలమీద పరుండబెట్టెడివారు. బిడ్డ ఏడ్వకుండ నల్లమందు పెట్టు అలవాటు బొంబాయి మిల్లు స్త్రీలలో విస్తారముగ నున్నదని బార్న్‌స్ నివేదించెను.

మరియొక చిక్కు కూడ కలదు. ఒంటరిగా వచ్చి మిల్లులో కుదిరి, లైనులో ఒక పురుషునితో కాపురము పెట్టిన స్త్రీని అధికారులు సచ్ఛీలముగలదిగా పరిగణింపలేదు. కూలి స్త్రీల నడతను గూర్చి ఆనాటి నివేదికలు వ్రాసినంత వివరముగా వారి భోజనమును గూర్చి వ్రాయలేదు. కాన్పు భృతికి పెండ్లి ఋజువు కావలెనా యను చర్చ ఈ వాతావరణమునుండి పుట్టినదే.

ఆసుపత్రులు లేవా యని అడుగవచ్చును. ఉన్నవి, కాని ఎవరికి? 1885లో రాజప్రతినిధి భార్య డఫరిన్ ప్రభ్వి పేర స్త్రీలకు వైద్యసహాయనిధి ఏర్పడి, కలకత్తాలోను ఇతర నగరములలోను స్త్రీల ఆసుపత్రులు వెలసెను. ఆ యేడే మదరాసులో మేరీ షార్లీబు కృషిచే ‘కులస్త్రీలకు, ఘోషా స్త్రీలకు’ అను పేరుతో ఒక ఆసుపత్రి స్థాపింపబడెను. ఈనాటికిని మన విశాఖపట్నములో స్త్రీల ఆసుపత్రిని ఘోషాసుపత్రి యనియే పిలుచుచున్నాము. ఈ సంస్థలు చేసిన మేలు గొప్పది. పరపురుషుని యెదుట నాడి చూపని స్త్రీలకు అవి ప్రాణదానము చేసెను. ఐనను పేరును ఒకమారు నిదానించి చదువుడు. కులముగల స్త్రీ, ఘోషాలోని స్త్రీ. నారకుప్పలమీద కూర్చుండి పనిచేయు స్త్రీకి ఘోషా లేదు. ఆమెలో పలువురికి ఆనాటి అర్థములో కులమును లేదు. ఎవరి కష్టము మర్యాదగలదో వారికి తలుపు తెరువబడెను.

ఈ సందర్భమున కాదంబినీ గంగూలీ (1861–1923) పేరు స్మరింపక తప్పదు. 1883లో చంద్రముఖీ బసుతో కూడ ఈ దేశమున తొలి పట్టభద్రురాలై, కలకత్తా వైద్యకళాశాలలో చదివి, 1886 నుండి వైద్యవృత్తి చేసి, 1888లో డఫరిన్ ఆసుపత్రిలో నెలకు 300 రూపాయల జీతముపై నియమింపబడెను. 1893లో ఎడింబరో పోయి మరికొన్ని పట్టములు సంపాదించెను. ఎనిమిది మంది బిడ్డల తల్లిగా సంసారము నడపుచునే ఇదంతయు చేసినది. ఆమె భర్త ద్వారకానాథుడు అస్సాము తేయాకు తోటల కూలీల దుస్థితిని స్వయముగ చూచివచ్చి పత్రికలలో వెల్లడించిన ధీరుడు. కాదంబిని తాను మరణించుటకు ఒక యేడు ముందు, 1922లో, కవయిత్రి కామినీ రాయ్‌తో కలిసి బీహారు, ఒడిషా బొగ్గుగనులలోని స్త్రీ కూలీల స్థితిగతులను విచారించుటకు పోయెను. అరువదేండ్ల వయస్సున, గనుల దుమ్ములోనికి! కర్జెల్ నివేదిక వచ్చిన 1923లోనే అక్టోబరు 3న ఆమె కన్నుమూసెను.

ఇక శాసనముల సంగతి. 1924లో ఎన్.ఎం. జోషీ కేంద్ర శాసనసభలో ప్రసూతి భృతి బిల్లు ప్రవేశపెట్టిరి. ప్రభుత్వము వ్యతిరేకించగా అది వీగిపోయెను. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో అటువంటి బిల్లు చర్చకు వచ్చినప్పుడు డాక్టరు అంబేడ్కరు దానిని సమర్థించుచు ఒక సూక్ష్మమైన మాట చెప్పిరి. స్త్రీ శ్రమవలన లాభము పొందు యజమాని కొంత భరించుట న్యాయమే. కాని తల్లికి విశ్రాంతి నిచ్చుట జాతి ప్రయోజనము గనుక ఆ భారములో పెద్దపాలు ప్రభుత్వము వహింపవలెనన్నది ఆ మాట తాత్పర్యము. 1929లో బొంబాయి చట్టము వచ్చెను. 1934లో మదరాసు చట్టము వచ్చెను. విట్లీ అధ్యక్షతన కూర్చున్న రాజకీయ కార్మిక సంఘము 1931లో దేశమంతట ఇట్టి చట్టము కావలెననెను. బెంగాలు మాత్రము 1939 వరకు కదలలేదు. మేము స్వచ్ఛందముగా ఇచ్చుచున్నాముగదా, చట్టమెందుకని మిల్లు యజమానుల వాదము. కొన్ని మిల్లులలో అట్లిచ్చినమాట నిజమే. ఐనను యజమాని ఇష్టముపై ఆధారపడినది హక్కు కాజాలదు. మదరాసు రాజధానిలో మిల్లు పని చేయు తెలుగు చెల్లెలికి ఉన్న హక్కు, ఖిదిర్‌పూరు తీరమున అదే పని చేయు అక్కకు అయిదేండ్లపాటు లేకపోయెను.

చట్టము వచ్చిన పిమ్మట ఏమైనది? ఇచ్చటనే చరిత్ర మనలను ఇరుకున పెట్టుచున్నది. మిల్లులలో స్త్రీల సంఖ్య పడిపోవసాగెను. 1970ల నాటికి నూటికి ముగ్గురి ప్రాంతమునకు దిగెను. భృతి చట్టమే స్త్రీల పొట్టకొట్టినదని వాదించువారున్నారు. నాకది పూర్తిగ సమంజసముగ తోచదు. స్త్రీలను రాత్రిపనినుండి తొలగించుట, కొత్తయంత్రములు రాగా చేతిపనులు పోవుట, 1930 ప్రాంతపు ఆర్థికమాంద్యమున షిఫ్టులు తగ్గించుట, 1947 తరువాత పనికొరకు క్రిక్కిరిసిన పురుషులు, ఇవన్నియు కలిసి చేసిన పని యది. ఐతే ఒక్క విషయము అంగీకరింపవలెను. భృతి మొత్తమును ఆ ఒక్క యజమానియే చెల్లింపవలెనను పద్ధతి యున్నంతకాలము, పిల్లలు కనగల వయస్సు స్త్రీని చేర్చుకొనకుండుట వానికి లాభము. అంబేడ్కరు 1928లో చెప్పిన మాటలోని బలమిది. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టము, యజమాని, కార్మికుడు ఇరువురి చందాలతో నిధి ఏర్పరచి ఆ భారమును విస్తరింపజేసెను. కలకత్తా, హౌరాలకు 1955లో ఆ పథకము వచ్చెను. అప్పటికి మిల్లులో మిగిలిన స్త్రీలు ఎందరు?

నగరపాలక సంస్థ చేసిన పని కూడ చెప్పవలెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములనుండి కలకత్తా సంస్థ శిక్షణ పొందిన మంత్రసానులను నియమించి బస్తీలలోనికి పంపెను. 1924లో దేశబంధు చిత్తరంజన దాసు నగరాధ్యక్షులైరి. ఆయన మరణానంతరము 1926లో భవానీపూరులోని ఆయన గృహముననే చిత్తరంజన సేవాసదనము స్త్రీలకొరకు వెలసెను. ఖిదిర్‌పూరులోను సంస్థవారి ప్రసూతిగృహమేర్పడెను. కాని గార్డెన్ రీచ్ ఒకప్పుడు వేరు పురపాలకము, 1923లో కలకత్తాలో కలిసి, 1932లో మరల విడిపోయి, కట్టకడపట 1984లో కలిసెను. పరిపాలనపటములో ఒక గీత ఇటు జరిగిన యెడల మంత్రసాని వచ్చును. అటు జరిగిన యెడల రాదు. నొప్పులు పడుచున్న స్త్రీకి తాను ఏ వార్డులో నున్నదో తెలియదుగదా.

మిల్లు స్త్రీల కష్టమునుండి లోకమునకు కలిగిన ఒక మహోపకారమును చెప్పక విడువజాలను. ఇందులో తెలుగువాని చేయి కలదు. కాన్పుకు ముందు రక్తము పలుచనై, ముఖము పాలిపోయి, కాళ్ళు వాచి మరణించు స్త్రీలు బొంబాయి మిల్లు ప్రాంతములలో విరివిగ నుండిరి. డాక్టరు మార్గరెట్ బాల్ఫోరు ప్రోత్సాహమున లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యశాస్త్రజ్ఞురాలు 1928లో బొంబాయి వచ్చి కారణము వెదకెను. పేద స్త్రీల ఆహారములోని లోపమే కారణమని తలచి, ఈస్టునుండి తీసిన మార్మైటు అను చవుక పదార్థమునిచ్చి చూడగా రోగిణులు కోలుకొనిరి. 1931లో ఆమె ఆ ఫలితములను ప్రకటించెను. అందులోని గుణకారి పదార్థమేదో అప్పటికి తెలియదు. ఆ తెర తొలగించినవారిలో అగ్రగణ్యుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ వ్యాధి తన సోదరులను కబళింపగా, తానును దానివాతబడి ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడి, అమెరికా చేరిన ఆ మహనీయుడు, లెడర్లీ సంస్థ పరిశోధనశాలలో తన బృందముతో ఫోలిక్ ఆమ్లమును వేరుచేయించి 1945 నాటికి కృత్రిమముగ తయారుచేయించెను. నేడు ఊరూర గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇనుము మాత్రతో కలిపి ఇచ్చు ఆ చిన్నబిళ్ళలో నున్నది అదియే. బొంబాయి మిల్లు కూలి స్త్రీ రక్తము పరీక్షకు ఇచ్చినది. తెలుగు పల్లెనుండి పోయిన శాస్త్రవేత్త మందు తెచ్చెను. ఇరువురును ఒకరినొకరు ఎరుగరు.

1943 ఖిదిర్‌పూరునకు దుర్దినము. ఆ యేటి క్షామమున పల్లెలనుండి వచ్చిన బాలింతలు గంజినీళ్ళకొరకు కలకత్తా వీథులలో తిరిగిరి. డిసెంబరు 5న పట్టపగలు జపాను విమానములు రేవుపై బాంబులు విసరెను. వందలకొలది రేవుకూలీలు మరణించిరి. చనిపోయినవారి భార్యలలో గర్భిణులెందరో ఎవరును లెక్కింపలేదు.

స్వాతంత్ర్యానంతరము శాసనములు బలపడెను. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సంఘసంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలై పల్లెలలోనికి మంత్రసానిని పంపు పథకములకు నడుము కట్టిరి. అంతకు పూర్వము మదరాసులో ఆంధ్ర మహిళాసభ ద్వారా ఆమె చేసిన సేవ మనవారందరు ఎరిగినదే. 1961లో కేంద్ర ప్రసూతి సౌకర్య చట్టము వచ్చి రాష్ట్రముల భేదములను తొలగింపసాగెను. పండ్రెండు వారముల సెలవు 2017లో ఇరువదియారు వారములయ్యెను. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో ఆ నిబంధనలను చేర్చుకొనిరి. కేంద్ర ప్రభుత్వోద్యోగినులకు 2008 నుండి 180 దినముల పూర్తిజీతపు సెలవు. మన సంఘ కుటుంబములలో దానిని అనుభవించినవారెందరో కలరు. వారికది కార్యాలయము పెట్టిన పుట్టిల్లు.

వ్యవస్థీకృతము గాని పనిలో నున్న స్త్రీకో? 2013 ఆహారభద్రతా చట్టము ప్రతి గర్భిణికి ఆరువేల రూపాయలకు తక్కువ గాకుండ ఇవ్వవలెననెను. 2017లో ఆరంభమైన ప్రధానమంత్రి మాతృవందన యోజన తొలి బిడ్డకు అయిదువేలు వాయిదాలలో నిచ్చుచున్నది. ఆసుపత్రి కాన్పుకు 2005 నుండి జననీ సురక్షా యోజన సహాయము వేరుగ నున్నది. వీనివలన కూలి లైనులో దాయీ చేతిలో కాన్పు అనునది చాలవరకు పూర్వకథ ఐనది. ఇది చిన్న విజయము గాదు. ఐనను ఒక పక్క ఆరు మాసముల జీతము, మరియొక పక్క అయిదువేలు. ఈ రెండును ఒకే రాజ్యము ఒకే పనికి కట్టిన వెలలు.

మటియాబుర్జు, గార్డెన్ రీచ్ వీథులలో ఇప్పుడు నారమిల్లుల ప్రభ తగ్గినది. దుస్తులు కుట్టు పరిశ్రమ పెరిగినది. కత్తిరించిన బట్ట ఇండ్లకు వచ్చును. గుండీలు కుట్టుట, దారములు కత్తిరించుట, జరీ అద్దుట స్త్రీల పని. కూలి దినమునకు గాదు, ముక్కకు. చట్టప్రకారము భృతి పొందవలెనన్న కాన్పుకు ముందు పండ్రెండు మాసములలో ఎనుబది దినములు ఒక సంస్థలో పనిచేసినట్లు హాజరుపట్టీ చూపవలెను. తన ఇంటి గడపలో కూర్చుండి ఎవరి దుకాణమునకు పోవునో తెలియని చొక్కాకు గుండీలు కుట్టు స్త్రీకి హాజరుపట్టీ లేదు. తొమ్మిదవ నెలలో ఆమె కుట్టిన ముక్కల లెక్క మాత్రము బట్ట తెచ్చి ఇచ్చు మధ్యవర్తి చిట్టాలో నున్నది.